ఐదు లంగర్ల మొహమాటం

మనిషికి వ్యక్తిత్వం లేకపోయినా ఎలాగో నెట్టుకురావచ్చు. అది లేకుండానే మంత్రులైనవాళ్లు కూడా ఉన్నారు. కానీ ఇంగ్లండు తూర్పు తీరంలో రాత్రికి అద్దెకిచ్చే గదికి వ్యక్తిత్వం లేకపోతే మాత్రం దానికి ఈ లోకంలో నిలువ నీడ లేదు.

ఈ సత్యాన్ని కనిపెట్టి జనానికి అందించిన ఘనత తూర్పు తీర బసల వ్యక్తిత్వ మండలిది. (మండలి కార్యాలయం నగరంలో కొత్తగా లేచిన అద్దాల మేడలో పదకొండో అంతస్తులో ఉంది. లిఫ్టు చక్కగా పనిచేస్తుంది. కిటికీలు గట్టిగా మూసుకుంటాయి.) మండలి నిర్వచనం ప్రకారం వ్యక్తిత్వమంటే, బస చేసిన మనిషి తన ఊరు తిరిగి వెళ్లాక కనీసం ఏడాదిపాటు నలుగురికీ చెప్పుకోదగిన ఇబ్బంది. ఇక సముద్రానికి "దగ్గర" అనే మాట మీద వివాదాలు రాకుండా దానికీ ఒక కొలత పెట్టారు. వీధిలో నిలబడి చిప్స్ తింటుంటే సీగల్ పక్షి వచ్చి వాటిని చేతిలోంచి తన్నుకుపోగలిగితే ఆ ఇల్లు సముద్రానికి దగ్గరగా ఉన్నట్టు లెక్క.

హోటళ్లకు నక్షత్రాలిచ్చినట్టు, మండలివారు ఇళ్లకు లంగర్లు ఇస్తారు. ఒక లంగరంటే కిటికీ మూసినా గాలి ఆగదని అర్థం. మూడు లంగర్లంటే తలకు దెబ్బ తగులుతుంది. ఐదు లంగర్ల ఇంట్లో చోటు కావాలంటే అంతకు ముందు వేసవి నుంచే కాచుకుని కూర్చోవాలి. ఎంచుకోవడం మాత్రం తేలిక. బుకింగ్ యాప్‌లో తనకు ఎంత చెమ్మ కావాలో, నేల ఎటు వాలాలో, దెయ్యం కనిపించేదై ఉండాలో వినిపించేదైతే చాలో యాత్రికుడు వేలితో నొక్కితే, ఇళ్లు లంగర్ల వరుసలో వచ్చి నిలబడతాయి. లంగరే లేని ఇళ్లు అట్టడుగున, లారీ డ్రైవర్ల విశ్రాంతి గదుల తర్వాత, కారవాన్లు బాగుచేసే షెడ్లకు కాస్త ముందు కనిపిస్తాయి. అంత కిందికి తోసుకుంటూ వెళ్లే ఓపిక ఎవరికీ ఉండదు.

ఓవర్‌ఫ్లీట్ ఊళ్లో ఎనిడ్ థాక్స్‌టర్ నడిపే బస ఆ అట్టడుగునే ఉంది.

ఇంటి పేరు క్లిఫ్‌నిడ్. మొగుడు క్లిఫర్డ్ పేరులో ముందు ముక్క, పెళ్లాం ఎనిడ్ పేరులో వెనక ముక్క అతికించి, కొత్త కాపురం రోజుల్లో గేటు మీద రాసుకున్నారు. (మా వైపు ఇలాంటివి వీధికి నాలుగుంటాయి. ఎవరూ నవ్వరు. నవ్వేవాడి గేటు మీదా అలాంటిదే ఉంటుంది.) క్లిఫర్డ్ డ్రైనేజీ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. బతుకంతా తడిలో గడిపినవాడికి తడి అంటే పరమ అసహ్యం. తన చేతులతో కట్టుకున్న ఇంట్లో గోరంత చెమ్మ చేరనివ్వలేదు. తలుపులు కిర్రుమనవు, మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి, వేడినీళ్లూ చన్నీళ్లూ ఒకే కుళాయిలోంచి కలిసి ఒంటికి హాయిగా తగులుతాయి. మూడేళ్ల క్రితం ఓ సాయంత్రం అతను టీ తాగి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, పేపర్లో గళ్లనుడికట్టు పూరిస్తూ అలాగే కన్నుమూశాడు. ఎనిడ్‌కు మిగిలింది ఆ ఇల్లే. చెప్పులు విడిచి ఆ చదును నేల మీద నడుస్తుంటే మొగుడు పక్క గదిలోనే ఏదో బిగిస్తూ ఉన్నట్టుండేది ఆమెకు.

ఇప్పుడు అతిథులు రాకపోతే ఆ ఇల్లు అమ్మేయాలి. లండన్ నుంచి ఓ పెద్దమనిషి అప్పటికే వచ్చి చూసుకుపోయాడు. ఆయనకు స్థలం నచ్చింది, ఇల్లు నచ్చలేదు. దాన్ని పడగొట్టి, ఐదు స్నానాల గదులతో ఒక నిరాడంబరమైన జాలరి గుడిసె కట్టుకుంటానన్నాడు. అప్పుడు ఎనిడ్ కెటరింగ్‌లో చెల్లెలు మేవిస్ ఇంటికి వెళ్లి చిన్న గదిలో సర్దుకోవాలి. మేవిస్ ఇంట్లో టీవీ నడుస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. ఆ టీవీని కట్టేసిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు.

అందుకని ఎనిడ్ ఒక్క లంగరైనా ఇప్పించమని మండలికి మొర పెట్టుకుంది. వసంతంలో తనిఖీ అధికారి నైజెల్ హార్బాటిల్ వచ్చాడు. చాలా మర్యాదస్థుడు. గుమ్మంలో బూట్లు తుడుచుకోవడానికే మూడు నిమిషాలు పట్టింది. (తను తనిఖీ చేసే ఇళ్లలో ఆయన ఏనాడూ రాత్రి బస చెయ్యడు. హైవే పక్కన, గదులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండే హోటల్లో దిగుతాడు. తీర్పులో నిష్పాక్షికత కోసమని ఆయన చెబుతాడు.)

"నేల మీద ఓ చిన్న పరీక్ష చేసుకోవచ్చాండీ?" అని అడిగి, జేబులోంచి ఒక గాజు గోలీ తీసి ముందుగది మధ్యలో పెట్టాడు.

గోలీ పెట్టిన చోటే ఉంది. హార్బాటిల్ కాసేపు చూసి, చిటికెనవేలితో చిన్నగా తోశాడు. అది బెత్తెడు దొర్లి మళ్లీ ఆగింది.

"అయ్యో" అన్నాడాయన, ఎక్స్‌రే వెలుతురుకు పట్టుకున్న డాక్టరులా.

"ఏమన్నా లోపమాండీ?" అంది ఎనిడ్.

"లోపమని నేననను మేడమ్. చదునుగా ఉంది. అంతే."

మేడ మీద స్నానాలగదిలో ఆయన కుళాయి ముందు మరింతసేపు నిలబడిపోయాడు.

"రెండు నీళ్లూ ఇందులోంచేనా?"

"అవునండీ. మావారు పెట్టారు."

"మరి ఒక చెయ్యి కాలడం, ఇంకో చెయ్యి కొంకర్లు పోవడం ఎలాగండీ?"

"కాలదండీ. కొంకర్లూ పోదు."

"అదే మేడమ్ నా బాధ" అన్నాడు హార్బాటిల్ ఎంతో సానుభూతిగా. తర్వాత గొంతు తగ్గించి, "అడగాల్సిన ప్రశ్న, ఏమనుకోకండి. ఈ ఇంట్లో ఎవరైనా పోయారా?" అన్నాడు.

"మావారు. ఆ కుర్చీలోనే."

హార్బాటిల్ ముఖం కాస్త వికసించింది. "ఎలా పోయారు? ఎవరైనా ఏమైనా చేశారా?"

"లేదండీ. టీ తాగారు. బిస్కెట్టు కూడా తిన్నారు."

"ఏదైనా తీరని కోరిక? పాత పగ? పూడ్చిపెట్టిన సొమ్ము?"

"గళ్లనుడికట్టులో ఒక్క మాట మిగిలిపోయిందండీ. మర్నాడు నేను పూరించాను."

ఆయన నిట్టూర్చాడు. మండలి నిబంధనల ప్రకారం క్లిఫర్డ్ థాక్స్‌టర్‌ను దెయ్యంగా గుర్తించడానికి వీలు పడలేదు. కారణం, తృప్తిగా పోయాడు. గుమ్మం దిగుతూ హార్బాటిల్ ఎనిడ్ చేతిని రెండు చేతుల్తో పట్టుకుని, "ఇల్లు చాలా బావుందండీ. దానికి మాత్రం మేమేం చెయ్యలేం" అన్నాడు.

ఆ సాయంత్రం ఎనిడ్ పక్క సందులో ఐవీ క్యాచ్‌పోల్ దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఐవీ డెబ్బయ్యేళ్ల మనిషి. "మునిగిన పాదిరి" అనే ఐదు లంగర్ల సత్రం ఆమెదే. ఆ సత్రంలో కోడిగుడ్డును బల్ల మీద పెట్టి చేయి తీయకూడదు. టోస్టు వెండి కంచెలో వస్తుంది. (రొట్టెముక్కలను విడివిడిగా నిలబెట్టి, నాలుగువైపులా గాలి తగిలించి, బల్ల దగ్గరికి చేరేలోగా చల్లార్చే సాధనం అది. సగం ప్రపంచాన్ని ఏలిన బుర్రలు తీరిక చేసుకుని కనిపెట్టాయి.)

"ఒసే ఎనిడ్, నీ ఇల్లు మరీ మంచిదే. అదే నీకు పట్టిన దరిద్రం" అంది ఐవీ, టీ పోస్తూ.

"మరి జనం సుఖంగా ఉండడానికే కదక్కా వచ్చేది?"

"సుఖం వాళ్ల కొంపలో లేకనా ఇంతదూరం రావడం? పోయినేడు మా మెట్ల మీద ఒకాయన మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఈ ఏడు మళ్లీ వచ్చాడు, అత్తగారిని వెంటబెట్టుకుని. ఆవిడకి పై గదే కావాలని పట్టుబట్టాడు."

ఎనిడ్ టీలో పంచదార కలుపుకుంది. "జూన్‌లో పికర్స్‌గిల్ వాళ్లు వస్తారక్కా. క్లిఫర్డ్ ఉన్నప్పట్నుంచీ వస్తున్నారు. వాళ్లకి ఇల్లు ఇలా ఉంటేనే ఇష్టం."

"నీతో అన్నారా?"

"అన్నారుగా. ఏటా వెళ్లేటప్పుడు, చాలా బావుందండీ అంటారు."

"మోకాలు విరిగినాయన కూడా అదే అన్నాడే, అంబులెన్సు ఎక్కుతూ."

ఎనిడ్ వారంపాటు ఆలోచించింది. ఇల్లు ఇలాగే ఉంచితే ఇల్లు పోతుంది. ఇల్లు మిగలాలంటే ఇంటిని పాడుచెయ్యాలి. మండలి రాజముద్ర పొందిన పాడుచేయు నిపుణుడొకడు తన మనుషులతో వచ్చాడు. నేల కింద చెక్కలు దూర్చి ముందుగదిని నడవా వైపు వాల్చారు. మెట్లను ఒక్కోదాన్ని ఒక్కో ఎత్తుకు నరికారు. కూల్చేసిన గుర్రపుశాల నుంచి, పురుగు తిన్నదని హామీ ఇచ్చి మరీ, ఒక దూలం తెచ్చి పడకగది గుమ్మానికి నుదుటి ఎత్తులో బిగించారు. తల జాగ్రత్త అనే పలకను, నిబంధన ప్రకారం, దూలం దాటాక తగిలించారు. స్నానాలగదిలో కుళాయి పీకేసి, తొట్టికి ఆ కొసన వేడినీళ్లది, ఈ కొసన చన్నీళ్లది పెట్టారు. నేలంతా తివాచీ పరిచారు, తడవడానికి. నేల చదును చూడ్డానికి క్లిఫర్డ్ వాడిన రసమట్టం ఎనిడ్ చేతికి దొరికినప్పుడు, ఆమె దాన్ని పాత తువ్వాలులో చుట్టి బీరువా అడుగున పెట్టేసింది. అది ఇదంతా చూస్తే బావుండదనిపించింది. చివరగా గేటు మీది పేరు గీకేసి "ఉరితీసిన నావికుడు" అని రాశారు. ఓవర్‌ఫ్లీట్‌లో ఇంతవరకూ ఏ నావికుణ్ణీ ఉరితీయలేదు. ఆ విషయంలో మండలి పట్టింపు పెట్టుకోదు.

జూన్‌లో పికర్స్‌గిల్ దంపతులు లెస్టర్ నుంచి దిగారు. మొగుడు గోర్డన్‌కు మోకాళ్ల నొప్పి. పెళ్లాం మ్యూరియల్‌కు చలి పడదు. గేటు మీద కొత్త పేరు చూసి ఇద్దరూ ఒక నిమిషం ఆగారు. పైకి వెళుతూ గోర్డన్ దూలానికి ధన్‌మని తల కొట్టుకుని, "క్షమించాలి" అన్నాడు, దూలంతోనే.

"తగిలిందా గోర్డన్?" అంది ఎనిడ్ కంగారుగా.

"అబ్బే, ఏం లేదు. నాదే తప్పు. దాని పాటికి అది ఉంది, మధ్యలో నేనే వచ్చాను."

మర్నాడు పొద్దున మ్యూరియల్ స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని ఫలహారానికి దిగింది. ఒక చెయ్యి కమిలి ఎర్రగా ఉంది, రెండోది పాలిపోయి ఉంది. సాసేజీ పళ్లెం అంచు దాకా దొర్లి వెళ్లింది. గోర్డన్ దాన్ని ఫోర్కుతో వెనక్కి తెచ్చి, మాట్లాడుతున్నంతసేపూ గుచ్చి పట్టుకున్నాడు.

"అంతా సౌకర్యంగా ఉందా?" అని అడిగింది ఎనిడ్. అడుగుతూ మనసులో మొక్కుకుంది కూడా. వీళ్లు ఒక్కమాట, ఒకే ఒక్కమాట బాలేదని అంటే చాలు. రేపే మనిషిని పిలిపించి ఆ చెక్కలు లాగించేస్తాను, లంగర్లూ వద్దు మండలీ వద్దు, కెటరింగ్ వెళ్లాల్సి వస్తే వెళతాను.

మ్యూరియల్ మొగుడి వైపు చూసింది. గోర్డన్ సాసేజీ వైపు చూశాడు. పాపం ఆ ముసలిది మొగుడు పోయాక ఇంత ఇష్టపడి చేయించుకుంది, మనమెందుకు నొప్పించాలి అని ఆ ఇద్దరూ రాత్రంతా వణుకుతూ అనుకున్నారు.

"చాలా బావుందండీ" అంది మ్యూరియల్.

"చాలా బావుంది" అన్నాడు గోర్డన్.

మూడోరోజు వాన. ఎనిడ్ రొట్టె కోసం బయటికి వెళితే, సముద్రం ఒడ్డున వరసగా ఆగి ఉన్న కార్లలో పికర్స్‌గిల్ వాళ్ల కారు కనిపించింది. వానలో సముద్రానికి ఎదురుగా కారు పెట్టుకుని, ఫ్లాస్కులో టీ తాగుతూ కూర్చోవడం మా వైపు వేసవి సెలవుల్లో ముఖ్యమైన భాగమే, అందులో వింతేం లేదు. కానీ వీళ్లు సీట్లు వెనక్కి వాల్చుకుని, హీటరు వేసుకుని, నోళ్లు తెరిచి నిద్రపోతున్నారు. ఎనిడ్ వెళ్లిపోదామనుకుంది. అంతలో గోర్డన్‌కు మెలకువ వచ్చి అద్దం దించాడు. లోపలి నుంచి వెచ్చటి గాలి ఆమె ముఖానికి తగిలింది. తన ఇల్లు అలా ఉండేది మొన్నమొన్నటి దాకా.

"సముద్రం చూస్తున్నాం" అన్నాడు గోర్డన్, మ్యూరియల్‌ను తట్టి లేపుతూ. ముందు అద్దమంతా ఆవిరి పట్టి సముద్రం ఛాయ కూడా కనబడడం లేదు.

"అవునవును. ఇక్కణ్ణించి బాగా కనిపిస్తుంది" అంది ఎనిడ్.

ఆ క్షణంలో ముగ్గురి నాలుక చివరా ఒకటే మాట ఉంది. ఎవరో ఒకరు దాన్ని బయటికి అంటే ముగ్గురూ బాగుపడేవాళ్లు. దాదాపు పావుగంటసేపు వాళ్లు వాన గురించి మాట్లాడుకున్నారు. రేపటికి తెరిపిస్తుందని గోర్డన్ అన్నాడు. ఎల్లుండికేమో అని ఎనిడ్ అంది. తోటలకు మాత్రం మంచిదేనని మ్యూరియల్ తేల్చింది.

మర్నాడే, ఇంకా రోజులుండగానే, వాళ్లు సామాను సర్దుకున్నారు. "పిల్లికి ఒంట్లో బాలేదట. పక్కింటివాళ్లు ఫోన్ చేశారు" అంది మ్యూరియల్, నేల వైపు చూస్తూ. వాళ్లకు పిల్లి లేదని, పిల్లి బొచ్చు గోర్డన్‌కు పడదని ఎనిడ్‌కు ఎప్పట్నుంచో తెలుసు.

"అయ్యో, దాన్ని జాగ్రత్తగా చూసుకోండి" అని దారిలో తినడానికి గుడ్డు శాండ్‌విచ్‌లు కట్టిచ్చింది. పిల్లికి కూడా ఓ చేపముక్క పెట్టింది.

"వచ్చే ఏడు తప్పకుండా వస్తాం" అని ఇద్దరూ ఆమెను కావలించుకున్నారు. మళ్లీ రారని ముగ్గురికీ తెలుసు. కారు మలుపు తిరిగాక ఎనిడ్ లోపలికి వచ్చి, వాలిన నేల మీద క్లిఫర్డ్ కుర్చీ జారిపోకుండా పట్టుకుని, దాంట్లో కూర్చుని ఏడ్చింది.

ఆగస్టులో హార్బాటిల్ రెండోసారి వచ్చాడు. ముందుగది మధ్యలో గోలీ పెట్టాడు. అది క్షణం ఆలస్యం చెయ్యకుండా బయల్దేరి, గుమ్మం దాటి, నడవాలో పడి, వంటింటి వైపు ఎటో వెళ్లిపోయింది. ఆయన కళ్లు మూసుకుని ఆ చప్పుడు చివరిదాకా విన్నాడు. పైకి వెళ్లి కుళాయి కింద చెయ్యి పెట్టి, కాలిన వేళ్లు ఊదుకుంటూ సంతోషంగా దిగొచ్చాడు.

"నాలుగు లంగర్లు ఇక్కడే ఇచ్చేయొచ్చు మేడమ్. ఐదోది మాత్రం..." అని తటపటాయించి, "మీవారి సంగతి. అప్పట్నుంచి ఆయన పరిస్థితిలో ఏమైనా మార్పు ఉందాండీ?" అన్నాడు.

ఎనిడ్ నేల వైపు చూసింది. "ఉండే ఉంటుందండీ. దీన్ని చూశాక ఆయనకింక మనశ్శాంతెక్కడిది?" అంది.

హార్బాటిల్ తన చేతిరుమాలు ఇచ్చి, ఆమె కళ్లు తుడుచుకునేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. క్లిఫర్డ్ థాక్స్‌టర్, డ్రైనేజీ శాఖ, రిటైర్డ్, ఆ రోజు నుంచి అశాంతితో ఇల్లు వదలని ఆత్మగా అధికారికంగా గుర్తింపు పొందాడు. ఐదో లంగరు వచ్చేసింది.

ఇత్తడి ఫలకం గోడకు బిగిస్తూ ఆయన మాటల్లో పడ్డాడు. "మా హైవే హోటల్లో పొద్దున ఫలహారం దగ్గర లెస్టర్ నుంచి వచ్చిన దంపతులు కలిశారు మేడమ్, ఇప్పుడు అక్కడే దిగుతున్నారట. చాలా మంచివాళ్లు. ఈ ఊళ్లో క్లిఫ్‌నిడ్ అని ఒక ఇల్లుండేదట. అంత హాయైన ఇల్లు దేశంలో ఎక్కడా లేదట. ఇప్పుడది లేదని చెబుతూ ఆవిడ కంటతడి కూడా పెట్టుకుంది. మీ ఇంటి పాత పేరు అదే కదండీ."

"వాళ్లు... మీతో అన్నారా ఆ మాట?"

"అన్నారండీ. నేనూ నిజమే పాపం అన్నాను. అయితే అది ఫిర్యాదు కింద రాదు, ప్రశంస కింద వస్తుంది. ప్రశంసలతో మాకు పని లేదు." ఆఖరి మేకు కొట్టి సుత్తి సంచిలో పెట్టుకున్నాడు. "అన్నట్టు, అడగడం నా విధి. మండలి పద్ధతి మీద మీకేమైనా ఫిర్యాదు ఉందా? మొహమాటపడకండి. ఒక్కటంటే ఒక్కటి వచ్చినా మొత్తం పద్ధతిని ఆపేసి మళ్లీ మొదట్నుంచి ఆలోచించాలని మా నిబంధనల్లోనే ఉంది."

ఎనిడ్ నోరు తెరిచింది. హార్బాటిల్ టోపీ చేత్తో పట్టుకుని, తల కాస్త పక్కకు వంచి, నిజంగానే వినడానికి సిద్ధంగా నిలబడ్డాడు. ఆయన నుదుటి మీద దూలం కొట్టిన బొప్పి అప్పుడే కొద్దికొద్దిగా లేస్తోంది. పాపం ఇంతదూరం వచ్చాడు, ఇంత మర్యాదగా అడిగాడు అనిపించింది ఆమెకు.

"ఏం లేదండీ. అంతా చాలా బావుంది" అంది.

స్థాపించిన నాటి నుంచి నేటి వరకు ఒక్క ఫిర్యాదు కూడా అందనందున, ఈ పద్ధతిని వచ్చే ఏప్రిల్ నుంచి పడమటి తీరానికీ విస్తరిస్తున్నట్టు మండలి ప్రకటించింది.